తిరగేసి చూసుడు

మస్కట్‌ల ఏం జూసినవు సాంబన్నా అని
కొత్తవాడ మొత్తం అడిగింది.
ఖర్జూరాలు పంచిన, అత్తరు సీసాలు పంచిన.
జవాబు మాత్రం మగ్గం ముంగట కూసున్నంక
షాహెదాబీకే చెప్పిన.
నూలు ఉడకబెట్టి ఉడకబెట్టి
మోచేతుల దాక ఎర్రబడ్డ మనిషి,
ఊకె ఆహా ఓహో అనదు.

తమ్ముని బిడ్డ సుహాసిని, అక్కడి దవాఖాన్ల నర్సు,
టిక్కెట్టు పంపి పిలిచింది.
పెద్ద మసీదు చూపెడత పెదనాయినా,
మనలాంటోళ్ళను పదకొండు దాకనే రానిస్తరు,
జల్ది లెవ్వమన్నది.
తను నెత్తికి చున్నీ సుట్టుకున్నది,
నా లుంగీ ఇడిపిచ్చి ప్యాంటు తొడిగిచ్చింది.
మెట్ల కాడ చెప్పులు ఇడిస్తే
పాలరాయి సలువ అరికాళ్ళ నుంచి మెడ దాక ఎక్కింది.

లోపట అందరి తలలు మీదికే.
దీపాల గుత్తి, అంత పెద్దది,
మా గల్లీల దింపాలంటే నాలుగిండ్లు ఖాళీ చెయ్యాలె.
ఫోన్లన్ని దానికే మొక్కుతున్నయి.
నేనొక్కన్నే కిందికి వంగిన.

తివాచీ.
అతుకు ఎక్కడుందో దేవులాడిన, దొరకలే.
తొక్కద్దని దాని మీద నీలిపట్టీ పరిచిన్రు,
చూడొచ్చినోళ్ళు దాని మీంచే నడువాలె.
నలభై మూడేండ్లు షత్రంజీలు నేసినోణ్ణి,
బస్టాండ్ల తప్పిపోయిన పిలగాని లెక్క
ఆ పట్టీ మీద నిలవడ్డ.

ఇరాన్ ఆడోళ్ళు, ఆరొందల మంది, నాలుగేండ్లు
ముడులేసిన్రట.
సుహాసిని చదివి చెప్తాంది, అన్నీ కోట్ల లెక్కలే.
కోట్లు నాకు తెల్వవు.
జానెడు జాగల ఎన్ని ముడులు పడతయో తెలుసు,
ఆ జానెడుకు నడుము ఎంత గుంజుతదో తెలుసు.

అంచు కాడ మోకాళ్ళ మీద కూసున్న.
మొక్కుతున్నడు అనుకున్నరు గావచ్చు.
మెల్లగ కొస లేపి తిరగేసిన.
నేత గుణం ముంగట దొరకదు షాహెదా, నీకెరుకే,
పిల్లను చూడబోయినోడు వంటింట్లకు తొంగిచూడాలె.

కావలాయన ఉరికొచ్చిండు.
క్యా హువా చాచా?
నాకు అరబ్బీ రాదు, ఉర్దూ సగం సగమే.
చెయ్యి చాపి చూపెట్టిన,
పంజా కొట్టి కొట్టి కాయగట్టిన జాగ.
నా చెయ్యి చూసిండు, లేపిన కొస చూసిండు.
అటు మొకాన తిరిగి నిలవడ్డడు,
ఒక్క నిమిషం.

ఆ నిమిషంల దొరికింది.
దానిమ్మ గింజ ఎరుపు ఉండాల్సిన కాడ
నాలుగు ముడులు ఇటుకరంగు.
ఏ మాపటీలి చంటిపిల్ల ఏడ్చిందో,
ఎవల కండ్లు మసకలైనయో.
నిలవడి చూస్తే రాజుకు గూడ అవుపడదు.
కొస మల్ల దింపి, అరచేత్తోని సాపు జేసిన.
సుహాసినికి చెప్పలే.

పగటీలి రాజుగారి మహలు.
నీలం రంగు, బంగారు రంగు స్తంభాలు
పుట్టగొడుగుల లెక్క పైకి ఇచ్చుకున్నయి.
కటకటాల బయటనే ఫోటో.
లోపటికి పోనియ్యరా బిడ్డా అంటే
రాజు ఉండే ఇల్లు గద అని నవ్వింది.
మన ఖిల్లా యాదికొచ్చింది.
నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు,
ఒక్కదానికి తలుపు లేదు.
చిన్నప్పుడు వాటి కిందికెల్లే
మా అవ్వ మేకలను తోలుకపోయేటిది.
ఖుష్ మహల్‌ల కూసోని సద్ది దిన్నం.
రాజు ఇంట్ల కాలు పెట్టాలంటే
ముందుగాల రాజు పోవాలెనేమో.

షాహెదాబీ ఇంతసేపు నూలు పిండుతనే ఉన్నది.
దీపాల గుత్తి ముచ్చటకు తల ఎత్తలే,
మహలు ముచ్చట ఇన్నదో లేదో.
ఒక్కటే అడిగింది:
"ఇటుకరంగంటే, కొత్త ఇటుకనా, నానిన ఇటుకనా?"
కొంచెం యాజ్జేసుకోని, నానిందే అన్న.
"అయితె ముడేసినదాని తప్పు గాదు సాంబన్నా,
రంగేసినదాన్ది.
నూలు జల్ది దించింది, పాపం,
పొయ్యిల కట్టెలు అయిపోయినయేమో" అన్నది.
అని,
ఏదో మాడు వాసనొచ్చినట్టు
తన గంగాళం కాడికి ఉరికింది.